పక్కింటి ఉండ్రాళ్లు తిన్న పాపకు ఏం చెప్పాలి?

వందనాలమ్మా. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనంతవరకు ముందు మళ్లీ చెబుతాను. ఎక్కడైనా తప్పుగా తీసుకుంటే దిద్దండి.

మీది బాప్టిస్టు కుటుంబం. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నారు. పాపకు తొమ్మిదేళ్లు, బాబుకు ఐదు. మీ అంతస్తులో మిగతా ఇళ్లన్నీ హిందువులవే. మొన్న వినాయక చవితికి పాప కింద పిల్లలతో కూర్చుని మట్టి వినాయకుణ్ణి చేసింది, స్నేహితురాలి ఇంట్లో ఉండ్రాళ్లు తిని వచ్చింది. ఆ రాత్రి పడుకునే ముందు, "అమ్మా, నా ఫ్రెండ్ నరకానికి వెళ్తుందా?" అని అడిగింది. మీకు మాట రాలేదు. మీ అత్తగారు ఆ పిల్లలతో తిరగనివ్వొద్దు, క్రిస్టియన్ స్కూల్లో వేయండి అంటున్నారు. మీవారు చిన్నపిల్ల, వదిలెయ్ అంటున్నారు. మీకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

నా జవాబు ముందే చెప్పేస్తాను. పాపను ఆ స్నేహాల నుంచి లాగేయకండి. స్కూలు మార్చకండి. అలాగని వదిలేయకండి కూడా. కలిసి బతకడం ఒకటి, ఆరాధన ఇంకొకటి. ఈ రెంటికీ మధ్య గీత ఎక్కడుందో మీరిద్దరూ కూర్చుని తేల్చుకుని పాపకు ప్రేమగా చెప్పండి. అంతకంటే ముందు మీ ఇంట్లో ప్రార్థన సంగతి చూసుకోండి. ఇంట్లో దీపం వెలుగుతుంటే వీధిలో ఎన్ని దీపాలున్నా పిల్ల దారి తప్పదు.

నేను ప్రకాశం జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూళ్లలో 31 ఏళ్లు తెలుగు చెప్పి రిటైరయ్యాను. మా సంఘంలో సండే స్కూల్ అంతకంటే ఎక్కువ కాలమే నడిపాను. ఇద్దరు పిల్లల్ని పెంచాను. ఇక్కడ చెప్పేది ఆ అనుభవం మీదే. కొన్నిచోట్ల పాస్టరుగారు వేరేగా చెప్పొచ్చు, ఆయన మాట కూడా వినండి.

ముందు నరకం ప్రశ్న

ఎందుకంటే పాప మనసులో ఇప్పుడు గుచ్చుకుంటున్నది అదే. ఉండ్రాళ్ల సంగతి పెద్దవాళ్ల టెన్షన్, పాపది కాదు.

ఈ ప్రశ్న నన్ను కనీసం యాభైమంది పిల్లలు అడిగి ఉంటారు. ఎప్పుడూ ఎనిమిది నుంచి పదేళ్ల మధ్యే. ఆ వయసులో పిల్లలకు స్నేహితులంటే ప్రాణం, పైగా విన్న ప్రతి మాటనూ నిజంగా నమ్ముతారు. వీబీఎస్‌లో, అంటే సెలవుల్లో పిల్లలకు నడిపే బైబిలు తరగతుల్లో, ఎవరో ఒక చార్టు చూపిస్తారు, ఒకవైపు వెలుగు, ఒకవైపు మంటలు. పిల్ల ఆ మంటల్లో తన పక్క బెంచీ అమ్మాయిని ఊహించుకుని వణికిపోతుంది. పైకి చెప్పదు. చెప్పిందంటే మీమీద ఎంత నమ్మకమో చూడండి. అందుకే ఆ ప్రశ్నను "పడుకో, తర్వాత మాట్లాడదాం" అని దాటేయకండి.

జవాబు చెప్పేముందు "ఎక్కడ విన్నావమ్మా ఆ మాట?" అని అడగండి. కోపంగా కాదు. ఆమెకు ఎంత తెలుసో, ఏది చూసి భయపడిందో అప్పుడే బయటికొస్తుంది. ఆ తర్వాత నేను చెప్పేది ఇది: "తీర్పు తీర్చేది దేవుడమ్మా. ఆ పని ఆయన మనకివ్వలేదు. నీ ఫ్రెండ్‌ని నీకంటే ఎక్కువగా ప్రేమించేది ఆయనే. ఆయన అన్యాయం చేయడు." పిల్ల ఇంకా అడిగితే యోహాను సువార్త చివరి అధ్యాయం చెబుతాను. పేతురు ఇంకో శిష్యుడి వైపు చూసి, మరి ఇతని సంగతేమిటి ప్రభువా అని అడుగుతాడు. ఆయన, అది నీకెందుకు, నువ్వు నన్ను వెంబడించు అంటాడు. అంత పెద్ద శిష్యుడికే ఆ లెక్క చెప్పలేదు. మనకెందుకు చెబుతాడు? ఈ కథ విన్నాక పిల్లల మొహాల్లో భారం దిగిపోవడం నేను కళ్లారా చూశాను.

ఇంకో మాట కూడా చేర్చండి. ఈ విషయం స్నేహితురాలితో అనకూడదని. ఒక ఏడాది మా సండే స్కూల్ పిల్లాడొకడు బడిలో తోటి పిల్లతో "నువ్వు నరకానికి పోతావు" అన్నాడు. ఆ పిల్ల ఏడ్చుకుంటూ ఇంటికెళ్లింది. సాయంత్రానికి ఆమె తండ్రి మా బడికొచ్చాడు. అరవలేదు. "మేడమ్, మా అమ్మాయి రాత్రి నిద్రపోలేదంటే మీరేం చెబుతారు?" అని మాత్రం అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ ఆదివారమే మంటల చార్టులు తీసి అటకమీద పెట్టించాను.

నేను చేసిన తప్పు

ఇప్పుడు ప్రసాదం సంగతి. ఇక్కడ నా తప్పు చెప్పకుండా సలహా ఇస్తే న్యాయం కాదు.

మా అబ్బాయి రెండో తరగతిలో ఉన్నప్పుడు, పక్కింటి పెద్దావిడ సత్యనారాయణ వ్రతం చేసుకుని వాడి చేతిలో ప్రసాదం పెట్టింది. నేను అప్పుడే బడి నుంచి వస్తున్నాను. ఆవిడ చూస్తుండగానే వాడి చేతిలోంచి లాగి గోడ పక్కన పడేశాను. విశ్వాసం నిలబెట్టుకున్నాననుకున్నాను. ఆవిడ ఒక్క మాట అనలేదు, లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. నా పురిటికి వేడినీళ్లు కాచిపోసిన మనిషి ఆవిడ. రెండేళ్లు మా మధ్య మాటల్లేవు. మా అబ్బాయి ఆ రోజు నేర్చుకున్నది యేసు ప్రభువు గురించి కాదు, అమ్మకు కోపం వస్తే అన్నాన్ని కూడా పారేస్తుందని. పెద్దయ్యాక వాడే నాతో ఆ మాట అన్నాడు. ఆవిడ దగ్గరకు వెళ్లి క్షమాపణ అడిగాను. ఆవిడ క్షమించింది. ఇప్పుడు ఆవిడ లేరు.

తర్వాత బైబిల్లో పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి ఉత్తరం తీసి ఎనిమిది, పది అధ్యాయాలు మళ్లీ మళ్లీ చదివాను. మనలాగే ఆ సంఘం కూడా గుళ్ల మధ్య బతికిన సంఘం. పౌలు ఒకవైపు విగ్రహం ఒట్టిదంటాడు, ఎవరైనా భోజనానికి పిలిస్తే ఏమీ ఆరా తీయకుండా తినమంటాడు. ఇంకోవైపు, ఇది అర్పించినదని ఎవరైనా చెబితే ఆ చెప్పినవాడి మనస్సాక్షి కోసం తినొద్దంటాడు. ఆ ఆరాధనలో పాలు పంచుకోవద్దని గట్టిగా చెబుతాడు. అన్నిటికీ మించి ఎవరినీ అభ్యంతరపరచొద్దంటాడు. అందుకే మన సంఘాల్లో ఒకే బెంచీ మీద కూర్చునే ఇద్దరు ఈ విషయంలో రెండు రకాలుగా ఉంటారు. ఇద్దరూ వాక్యం చూపిస్తారు.

మా ఇంట్లో మేం ప్రసాదం తినం. పులిహోర, పాయసం, పిండివంటలు భోజనంగా పెడితే తింటాం. తినకపోవడం ఎలాగన్నదే అసలు సంగతి. పిల్లలకు నేను నేర్పింది ఇలా: రెండు చేతులతో తీసుకో. "థాంక్స్ ఆంటీ" అను. ఇంటికి తీసుకురా. ఎవరి ముందూ పారేయకు, మొహం తిప్పుకోకు. ఇంటికి తెచ్చాక పని చేసే అమ్మాయికో, తినేవాళ్లు ఎవరికో ఇస్తాం. బాగా దగ్గరి స్నేహమైతే నేనే ముందుగా చెబుతాను: "వదినా, మేం నైవేద్యం పెట్టింది తీసుకోం, ఏమీ అనుకోకు." ఇలా ఒకసారి చెప్పాక మా వీధిలో ఇద్దరు ముగ్గురు ఇల్లాళ్లు దేవుడి ముందు పెట్టకముందే మా వాటా వేరుగా తీసి ఉంచేవారు. అడక్కుండానే. అంత మర్యాద చేసేవాళ్లని అన్యులని పిలవడానికి నాకు నోరు రాదు.

అన్నట్టు ఆ మాట గురించి. మన ప్రసంగాల్లో, ప్రార్థనల్లో "అన్యులు" అన్న మాట తేలిగ్గా దొర్లుతుంది. వాక్యంలో దాని అర్థం, సందర్భం వేరు. తొమ్మిదేళ్ల పిల్ల చెవికి అది "మనవాళ్లు కానివాళ్లు" అని వినబడుతుంది. ఆ మాట వెంటే చులకన కూడా నేర్చుకుంటుంది. ఇంట్లో ఆ మాట మానేయండి. మనుషుల్ని వాళ్ల పేర్లతో చెప్పండి. "రాళ్లకు మొక్కుతారు" లాంటి మాటలు అసలు వద్దు. మన సిలువను ఎవరైనా రెండు చెక్కముక్కలంటే మనకెలా ఉంటుందో, వాళ్లకూ అలాగే ఉంటుంది.

ఇక మట్టి వినాయకుడు. నేనైతే విగ్రహం చేయడం, పూజలో కూర్చోవడం, హారతి తీసుకోవడం దగ్గర ఆగమంటాను. పందిట్లో ఆటలు, పాటల పోటీలు, భోజనాల దగ్గర వడ్డన, వీటిలో చేరనివ్వండి. అపార్ట్‌మెంట్‌లో చందా అడిగితే అన్నదానానికి రాయించుకోండి, ఇచ్చేది సంతోషంగా ఇవ్వండి. పాప ఈసారి చేసిందన్నది గతం. దానికి శిక్షగానీ, ఉపదేశంగానీ వద్దు. "నీకు అందులో ఏం నచ్చింది?" అని అడగండి. మట్టి పిసకడం నచ్చిందంటుంది, స్నేహితులతో కూర్చోవడం నచ్చిందంటుంది. అదేదో ఇంట్లోనూ దొరకాలి కదా. డిసెంబరులో అదే మట్టి తెచ్చి పశువుల పాక చేయించండి, ఆ పిల్లలందరినీ పిలవండి. మా ఇంట్లో క్రిస్మస్ పాక కట్టే పని సగం పక్కింటి పిల్లలదే ఉండేది. గొర్రెలకు దూది అతికించడానికి పోటీ పడేవారు.

బతుకమ్మకు కూడా ఇదే ప్రశ్న వస్తుంది మీకు. తంగేడు, గునుగు పూలు కోసుకురావడంలో, పేర్చడంలో నాకు తప్పు కనబడదు. గౌరమ్మను పెట్టి మొక్కే దగ్గర మీ ఇంటి గీత గీసుకోండి. మా ప్రాంతం పండుగ కాదు కాబట్టి అక్కడి సంఘం పెద్దల్ని అడగడం మంచిది. భోగిమంట, గాలిపటాలు, దీపావళి కాకరపువ్వొత్తులు, వీటి గురించి నిద్ర పాడుచేసుకోకండి.

స్కూలు మారిస్తే ఏమవుతుంది

మీ అత్తగారి భయం నాకు అర్థమవుతుంది. ఆవిడ తరంలో ఊళ్లో పేటంతా మనవాళ్లే. మందిరం గంట కొడితే అందరూ కదిలేవారు. ఇప్పుడు మనవరాలు ఒక్కతే అయిపోయిందని ఆవిడకు బెంగ.

కానీ దాచిపెట్టి పెంచిన పిల్లల సంగతి నాకు తెలుసు. మా సండే స్కూల్లో ఒకబ్బాయి ఉండేవాడు. కంఠత వాక్యాల పోటీలో ఏటా ప్రైజు వాడిదే. తల్లిదండ్రులు ఇంకో మతం పిల్లవాడింటి గడప తొక్కనివ్వలేదు. టీవీ లేదు, స్కూలు ఎక్స్‌కర్షన్‌కు పంపలేదు, దారిలో గుడి ఉందని. ఇంజినీరింగ్‌కు దూరపు హాస్టల్లో వేశారు. గదిలో ముగ్గురు స్నేహితులు, మూడు రకాల నమ్మకాలు. ఒకడు రోజూ హనుమాన్ చాలీసా చదివేవాడు, ఇంకొకడు దేవుడే లేడనేవాడు. ముగ్గురూ మంచివాళ్లే. ఆ మంచితనమే వాణ్ణి కుదిపేసింది. బయటివాళ్లందరూ చెడ్డవాళ్లని చెప్పి పెంచారు కదా, అది అబద్ధమని తేలేసరికి అమ్మానాన్న చెప్పినవన్నీ అబద్ధాలేనేమోననుకున్నాడు. రెండో ఏడాది సెలవులకు వచ్చి మందిరానికి రానన్నాడు. మనం పరాయివాళ్ల గురించి చెప్పే అబద్ధం చివరకు మన విశ్వాసాన్నే కొడుతుంది. ఇది నేను ఒక్క ఇంట్లో కాదు, నాలుగైదు ఇళ్లలో చూశాను.

దానియేలు కథ అందుకే నాకిష్టం. బబులోనుకు చెరపట్టుకుపోయిన కుర్రవాడు. కల్దీయుల భాష నేర్చుకున్నాడు, వాళ్ల శాస్త్రాలు చదివాడు, బెల్తెషాజరు అని వాళ్లు పెట్టిన పేరుతోనే కొలువు చేశాడు. రాజు భోజనం దగ్గర మాత్రం ఆగాడు. ఆగడం కూడా ఎలా ఆగాడు? గొడవపడలేదు. పది రోజులు పరీక్షించి చూడమని ఆ అధికారిని మర్యాదగా అడిగాడు. మన పిల్లలకు కావలసిన తెలివి అంతా ఆ మొదటి అధ్యాయంలోనే ఉంది.

నా ఉద్యోగమే అలాంటిది. తెలుగు పండితురాలిని. ఏటా పోతన పద్యాలు చెప్పేదాన్ని. గజేంద్ర మోక్షం చెబుతున్న రోజు తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి లేచి, "టీచర్, మీరు క్రిస్టియన్ కదా, ఇది నమ్ముతారా?" అని అడిగింది. క్లాసంతా నిశ్శబ్దం. "నా నమ్మకం వేరమ్మా. కానీ బలమంతా అయిపోయాక దేవుణ్ణి పిలిచే ఆ కేక నాకు బాగా తెలుసు" అన్నాను. ఆ పద్యాలు చదవడం వల్ల నా విశ్వాసం తరగలేదు, నా తెలుగు పెరిగింది. నా ప్రార్థనకు మాటలొచ్చాయి. జాషువాగారిని చూడండి. వినుకొండలో 1895లో క్రైస్తవ ఇంట్లో పుట్టారు. పురాణాలన్నీ తెలిసిన కవి. ఆయన గబ్బిలం కబురు మోసింది కాశీ విశ్వేశ్వరుడికి. సాహిత్య అకాడమీ అవార్డు 1964లో వచ్చింది క్రీస్తు చరిత్రకు. మన పిల్లలు సుమతీ శతకం, వేమన, భారత భాగవతాలు చదవకూడదనే తల్లిదండ్రులు ఇప్పటికీ ఉన్నారు. అలా చేస్తే పిల్లలకు వాళ్ల భాషే పరాయిదవుతుంది. అది వద్దు.

స్కూల్లో ప్రార్థన గురించి మీరు ఒక లైను రాశారు, ఉదయం అసెంబ్లీలో సరస్వతీ శ్లోకం చెప్పిస్తారని. పాపకు చెప్పండి, అందరితో పాటు నిలబడాలి, నిశ్శబ్దంగా ఉండాలి, కావాలంటే మనసులో తన ప్రార్థన చేసుకోవాలి. నవ్వడం, పక్కచూపులు చూడటం కుదరదు. బలవంతంగా చెప్పిస్తున్నారంటే వెళ్లి క్లాస్ టీచరుతో నెమ్మదిగా మాట్లాడండి. రాజ్యాంగం 28వ అధికరణం మూడో భాగం స్పష్టంగా ఉంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న, లేదా ప్రభుత్వ నిధులు తీసుకునే విద్యాసంస్థలో మైనరు పిల్లల్ని తల్లిదండ్రుల లేదా సంరక్షకుల అంగీకారం లేకుండా మతబోధలో, ఆరాధనలో పాల్గొనమనడానికి వీల్లేదు. కేరళలో ఒకే కుటుంబం నుంచి వచ్చిన ముగ్గురు పిల్లలు తమ విశ్వాసం కారణంగా జాతీయగీతం పాడకుండా గౌరవంగా నిలబడేవారు. బడి నుంచి తీసేశారు. సుప్రీంకోర్టు 1986లో ఆ పిల్లల పక్షాన తీర్పిచ్చింది. గౌరవంగా నిలబడటం అవమానం కాదంది. నేను ఇది చెప్పేది కోర్టుకు వెళ్లమని కాదు. పాప భయపడకుండా నిలబడొచ్చని మీకు ధైర్యం రావాలని.

ఆ చట్టం మన పిల్లలకొక్కరికే కాదని మర్చిపోవద్దు. మన మిషన్ స్కూళ్లలో చదివే హిందూ, ముస్లిం పిల్లలకూ అదే. వాళ్లతో బలవంతంగా ప్రార్థన చేయించి, మన పిల్లల దగ్గరకొచ్చేసరికి హక్కులు మాట్లాడితే అది క్రీస్తు పద్ధతి కాదు.

ఇంట్లో ఏముంది?

మీ ప్రశ్నంతా బయట గురించే ఉంది, ఇంటి గురించి ఒక్క వాక్యం లేదు. తప్పు పట్టడం లేదు, అందరూ అలాగే అడుగుతారు.

ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయంలో పిల్లలకు నేర్పడం గురించి ఉంది. ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు మాట్లాడమని. ఆదివారం గంటసేపు అని లేదు. వారానికి గంట సండే స్కూల్ టీచరుకు ఇచ్చి, మిగతాది అపార్ట్‌మెంట్‌కు, యూట్యూబ్‌కు ఇచ్చి, పిల్ల అటు మొగ్గుతోందంటే ఎలా?

రాత్రి భోజనాలయ్యాక పదిహేను నిమిషాలు చాలు. పాట పాపను ఎంచుకోనివ్వండి, అది క్రిస్మస్ పాటను జూన్‌లో ఎంచుకున్నా సరే. మీరు చిన్న కథ చెప్పండి. బాబుతో ఒక్క మాట ప్రార్థన చేయించండి. పొరుగువాళ్ల కోసం పేరుపేరునా ప్రార్థించండి, వాళ్లు మారాలని మాత్రమే కాదు, వాళ్ల అమ్మమ్మకు మోకాళ్లనొప్పి తగ్గాలని, వాళ్లన్నయ్యకు సీటు రావాలని. ఉండ్రాళ్లు పెట్టిన ఆంటీ కోసం కృతజ్ఞతలు చెప్పండి. అలా ప్రార్థన చేసే పిల్లకు ఆ ఇంటిమీద ద్వేషమూ రాదు, ఆ ఇంటి పండుగను చూసి అసూయా రాదు.

అసూయ మాట ఊరికే అనలేదు. మన పిల్లలకు చాలాసార్లు ఉండేది సిద్ధాంతపు సందేహం కాదు. వాళ్లింట్లో నెలకో పండుగ, మనింట్లో ఏడాదికి రెండు. అందుకే మన పండుగలకు రంగు తేవాలి. క్రిస్మస్‌కు అరిసెలు వండి అన్ని ఫ్లాట్లకూ పాపతోనే పంపండి. నక్షత్రం వాళ్ల నాన్నతో కలిసి కట్టనివ్వండి. ఈస్టరు తెల్లవారుజామున చీకట్లో లేపి తీసుకెళ్లండి. డిసెంబరు 31 రాత్రి ఆరాధనకు నిద్రమత్తులో అయినా మీ ఒళ్లో ఉండనివ్వండి. మా అబ్బాయికి ఇప్పటికీ ఆ రాత్రి బైబిలు వాక్యం రాసిన వాగ్దాన కార్డు తీసుకునే క్షణం గుర్తుంది, వాక్యం ఏదో గుర్తు లేదు.

ఈ విషయంలో నాకు దారి చూపింది మా స్కూలు దగ్గర ఉండే ఒక ముస్లిం తల్లి. ఆమె కొడుకు నా క్లాసులో ఉండేవాడు. "మా ఇంటికీ స్టార్ కట్టు అమ్మీ" అని ఏడ్చాడట ఒక డిసెంబరులో. ఆమె కసరలేదు. "అది వాళ్ల సంతోషం బేటా. మనం వెళ్లి చూసి ముబారక్ చెబుదాం. మన సంతోషం రంజాన్‌కు వస్తుంది, అప్పుడు వాళ్లొస్తారు" అందట. నిజంగానే పిల్లాణ్ణి వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చింది. రంజాన్‌కు షీర్ ఖుర్మా గిన్నె నిండా పంపింది. వాడు ఉపవాసాలున్న రోజుల్లో డ్రిల్ పీరియడ్‌లో నీడలో కూర్చోబెట్టమని నేనే డ్రిల్ మాస్టారికి చెప్పాను.

ఇక తల్లిదండ్రుల నడత. దీని గురించి ఎక్కువ చెప్పను. మందిరంలో కన్నీళ్లతో ప్రార్థించి, లిఫ్టు దగ్గర వాచ్‌మన్‌ను తిడితే పిల్ల చూస్తుంది. అంతే.

రేపటి ప్రశ్నలు

పాపకు పన్నెండు, పదమూడు వచ్చేసరికి ప్రశ్నలు మారతాయి. "అందరు దేవుళ్లూ ఒకటేనా?" "మనం ఇండియాలో పుట్టి ఈ మతంలో ఎందుకున్నాం?" మొదటిదానికి మీరు నమ్మేది నిజాయితీగా చెప్పండి, దాచకండి. యేసే మార్గమని మేం నమ్ముతాం, అందుకు కారణాలివి, వాళ్లు నమ్మేది వేరు, వాళ్ల మాటల్లోనే అది ఇలా ఉంటుంది అని చెప్పండి. వాళ్ల నమ్మకాన్ని వాళ్లు ఒప్పుకునేలా చెప్పగలిగితేనే మీరు న్యాయంగా చెప్పినట్టు. తెలియకపోతే తెలియదనండి. కోప్పడితే పిల్ల ఆ ప్రశ్న మీ దగ్గర మానేసి ఫోనును అడుగుతుంది.

మీ ఇద్దరిలో ఒకరు వేరే విశ్వాసంవారైతే ఈ లెక్కంతా మారుతుంది. మీది అది కాదు కాబట్టి వదిలేస్తున్నాను.

ఒకటి మాత్రం ముందే మనసులో పెట్టుకోవాలి. మనది పసిబిడ్డలకు బాప్తిస్మమిచ్చే సంఘం కాదు. బిడ్డను దేవుడికి అప్పగిస్తూ ప్రార్థించి ప్రతిష్ఠ చేస్తాం, అంతే. పిల్ల పెద్దయి తన నోటితో ఒప్పుకుని తన కాళ్లతో నీళ్లలోకి దిగాలి. మనం తీరందాకా నడిపించగలం. దిగాల్సింది పిల్లే. మా అబ్బాయి పదిహేడేళ్లకు దిగాడు. అమ్మాయికి ఇప్పుడు ఇరవైతొమ్మిది, బెంగళూరులో ఉద్యోగం. ఇంకా తీసుకోలేదు. "అబద్ధం చెప్పలేనమ్మా, నాకింకా నిశ్చయం లేదు" అంటుంది. ఇద్దరినీ ఒకేలా పెంచాను. ఆ మాట విన్న రోజు చాలా ఏడ్చాను. తర్వాత ఆలోచిస్తే, అబద్ధమాడి నీళ్లలో దిగడం కంటే నిజం చెప్పి ఒడ్డున నిలబడటం మేలనిపించింది. ప్రతి ఆదివారం సాయంత్రం ఫోన్ చేసి "ఈ రోజు ప్రసంగం ఏంటమ్మా?" అని అడుగుతుంది. నేను చెబుతాను. రోజూ ఆమె కోసం మోకరిస్తాను.

మీ అత్తగారికి ఒక పని

రెండో ప్రశ్న, ఇండియాలో పుట్టి అన్నది, పాపకు స్కూల్లో ఎవరో ఒకరు వేస్తారు. ఇంకా మోటుగా, బియ్యం బస్తాకు మారారని కూడా అంటారు. ఈ రోజుల్లో పదేళ్ల పిల్లలకే ఆ మాట తెలుసు. పాప తెల్లబోయి ఇంటికి రాకముందే ఆమెకు తన కథ తెలిసి ఉండాలి. మీ పూర్వీకులది ఒంగోలు ప్రాంతమని రాశారు కదా, అయితే ఇది మీ కథే.

1876 నుంచి 1878 దాకా ఘోరమైన కరువు. ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని చూపించాడు, కూలి ఇప్పించాడు. బాప్తిస్మం ఇవ్వమని జనం అడుగుతూనే ఉన్నారు. ఆయన ఇవ్వలేదు. తిండి కోసం మారారన్న మాట రాకూడదని, సాయం సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత మళ్లీ మొదలుపెడితే 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజే 2,222 మంది నీళ్లలో దిగారు. ఎక్కువమంది మాదిగపల్లెల వాళ్లు. చెప్పులు కుట్టుకుని, ఊరి బయట బతికిన మనుషులు. మేమూ మనుషులమే అని నిలబడి, తమ నోటితో తాము ఒప్పుకుని దిగారు. మా ముత్తవ్వ ఆ రోజుల్లోనే విశ్వాసంలోకి వచ్చిందని మా ఇంట్లో చెప్పుకుంటాం.

ఈ కథ పాప చెప్పగలగాలి. ఎదుటివాళ్లను కించపరచకుండా, తల దించుకోకుండా. దీన్ని పాపకు చెప్పాల్సింది మీరు కాదు, నేనూ కాదు. మీ అత్తగారు. వాళ్ల అవ్వ ఎలా విశ్వాసంలోకి వచ్చింది, ఎవరు వెలివేశారు, ఎవరు చాటుగా అన్నం పెట్టారు, ఆ రోజుల్లో పండుగలకు ఏం వండేవారు, ఇవన్నీ ఆవిడకు తెలుసు. స్కూలు మార్చే మాట ఆవిడతో వాదించకండి. ఈ శనివారం రాత్రి ప్రార్థనయ్యాక పాపను ఆవిడ పక్కన కూర్చోబెట్టి, "అత్తయ్యా, మీ అవ్వ సంగతి దీనికి చెప్పండి" అని అడగండి. బాబును కూడా కూర్చోబెట్టండి, వాడు మధ్యలో నిద్రపోయినా ఫర్వాలేదు. వీలైతే ఆవిడ చెబుతుంటే ఫోనులో రికార్డు చేసి ఉంచండి. మా అమ్మ చెప్పినప్పుడు నేను చేయలేదు.